వేడిమిని కొలిచిన విధము

జ్వరము వచ్చినవాని నాలుక క్రింద వైద్యుడు పెట్టు ఉష్ణమాపకము వేడిమిని కొలుచునని మనమందరము అనుకొనుచుందుము. నిజమునకు అది చెప్పు సంగతి వేరు. వస్తువు ఎంత వేడిగా నున్నదో అది చెప్పును. ఆ వస్తువులో ఎంత వేడిమి చేరినదో చెప్పజాలదు. ఒకచోట చెంబెడు నీళ్లు సలసల కాగుచున్నవి. ప్రక్కనే గంగాళము నిండ గోరువెచ్చని స్నానపు నీళ్లున్నవి. ఉష్ణమాపకమును ముంచి చూచినచో చెంబునకే పెద్ద అంకె వచ్చును. కాని ఏ నీళ్లకు ఎక్కువ కట్టెలు కాలినవో ఇల్లాలిని అడుగుడు. ఆమె తడుముకొనక గంగాళమును చూపును. వంటయింటిలో ఎల్లవారికిని తెలిసిన ఈ భేదము శాస్త్రజ్ఞులకు స్పష్టపడుటకు, ఉష్ణమాపకము పుట్టిన తరువాత నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది. ఆ భేదమును కనుగొన్న వృత్తాంతమును, పిమ్మట వేడిమిని నిజముగా కొలుచుటకు మనుష్యులు పడిన పాట్లను మీకు చెప్పదలచితిని.

ఉష్ణమాపకము సంగతి త్వరగా ముగింతును. పదునారవ శతాబ్దము చివర గెలీలియో చేసిన పరికరము, వేడికి గాలి వ్యాకోచించుటను చూపు ఒక గాజుబుడ్డి మాత్రమే. దానికి మూత లేదు గనుక, బయటి వాయుపీడనము మారినపుడెల్ల అదియు మారుచుండెను. 1657లో ఫ్లారెన్సు నగరమున నెలకొన్న విద్వత్సభవారు గొట్టములో సారాయము పోసి పైకొనను మూసివేసిన మాపకములను వాడిరి. డాంజిగు నగరమున పుట్టిన ఫారన్‌హైటు 1714లో పాదరసపు మాపకమును చేసెను. పది సంవత్సరముల పిమ్మట తన కొలమానమును ప్రకటించెను. స్వీడను దేశపు సెల్సియసు 1742లో మరగు నీటికి సున్న, గడ్డకట్టు నీటికి నూరు అని అంకెలు వేసెను! తరువాతివారు ఆ నిచ్చెనను తలక్రిందులు చేసి మనకిచ్చిరి. నేను చెప్పబోవు పాతవారి అంకెలు చాలవరకు ఫారన్‌హైటు డిగ్రీలలో నుండును. ఆ లెక్కలో మంచు కరగుట 32 వద్ద, నీరు మరగుట 212 వద్ద అని శ్రోతలు జ్ఞప్తియందుంచుకొన ప్రార్థన.

మంచి ఉష్ణమాపకము చేతికి రాగానే ఒక చిక్కు బయటపడినది. హాలండు దేశమున బోయర్‌హావె అను ప్రసిద్ధ వైద్యాచార్యుడుండెను. ఆయన కొరకు ఫారన్‌హైటు నీటిని, పాదరసమును వేర్వేరు వేడిలో నుంచి కలిపి చూచెను. సమానమైన కొలతలలో కలిపినపుడు మిశ్రమపు వేడి సరిగా నడిమికి రాలేదు. నడిమికి రావలెనన్న రెండు పాళ్లు నీటికి మూడు పాళ్లు పాదరసము పోయవలసివచ్చెను. పాదరసము నీటికంటె పదమూడు రెట్లు బరువైనది. బరువునుబట్టి వేడిమి పట్టునేని స్వల్పమైన పాదరసమే చాలవలెను. స్థలమునుబట్టి పట్టునేని సమాన భాగములు చాలవలెను. ఈ రెండును కాలేదు. బోయర్‌హావె ఈ అంకెలను తన గ్రంథములో వ్రాసియు, వేడిమి స్థలమునుబట్టియే పంచుకొనునని తేల్చి ఊరకుండెను. కన్నులకు కనబడిన అంకెను మనసు ఒప్పుకొనకపోవుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు తెలియదు.

ఆ అంకెలను మరల చదివి వాని అర్థమును గ్రహించినవాడు గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఆచార్యుడగు జోసెఫ్ బ్లాక్. ఆయన 1728లో జన్మించెను. ఒక్కొక్క పదార్థమునకు వేడిమిని పట్టు శక్తి ఒక్కొక్క విధముగా నుండును, పాదరసమునకు ఆ శక్తి మిక్కిలి తక్కువ, కొద్ది వేడిమికే అది మిగుల వేడెక్కును అని ఆయన గ్రహించెను. నేడు విశిష్టోష్ణమని మన పాఠ్యపుస్తకములు చెప్పునది ఇదియే. వస్తువు వేడి వేరు, వేడిమి రాశి వేరు అను మాట మొట్టమొదట స్పష్టముగా ఆయన తరగతిలోనే వినబడెను.

అంతకంటె గొప్పది ఆయన మంచుగడ్డతో చేసిన పరీక్ష. అప్పటివారి నమ్మకమేమన, మంచు 32 డిగ్రీలకు చేరినచో ఇంకొక ఇసుమంత వేడి తగులగానే నీరైపోవునని. బ్లాక్ దీనిని తర్కించిన తీరు చూడుడు. అదే నిజమైనచో, చలికాలమంతయు కొండలపై పేరుకొన్న మంచు, ఎండ కొంచెము హెచ్చిన నాడే ఒక్కమారుగా కరగి లోయలను ముంచెత్తవలెను. అట్లు జరుగుటలేదు. మంచు వారములు నెలలు తీసికొని మెల్లమెల్లగా కరగుచున్నది. కాబట్టి కరగుటకే ఏదో గొప్ప వ్యయము కావలసియున్నది. ఆ వ్యయమెంత?

దీనికి ఆయన వాడిన సామగ్రి రెండు పలుచని గాజుబుడ్లు, ఒక ఉష్ణమాపకము, ఒక గడియారము. అంతకు మించి ఏమియు లేదు. రెండు బుడ్లలోను అయిదేసి ఔన్సుల నీళ్లు పోసెను. ఒకదానిలోని నీటిని గడ్డకట్టించెను. రెండవదానిలోని నీటిని గడ్డకట్టకుండ 33 డిగ్రీల వరకు చల్లార్చెను. రెంటిని ఒక విశాలమైన ఖాళీ గదిలో దూరదూరముగా వ్రేలాడదీసెను. ఆ గది వేడి 47 డిగ్రీలు. చల్లని నీరు అరగంటలో 7 డిగ్రీలు ఎక్కి 40కి వచ్చినది. మంచు నీరై అదే 40కి చేరుటకు పదిన్నర గంటలు పట్టెను.

ఇక లెక్క చిన్నపిల్లలు చేయదగినది. గదిలోని గాలి రెండు బుడ్లకును ఒకే తీరున వేడిమినిచ్చినదనుకొందము. పదిన్నర గంటలనగా ఇరువదియొక్క అరగంటలు. అరగంటకు 7 చొప్పున 147 డిగ్రీల పాటి వేడిమి మంచుబుడ్డిలోనికి పోయినది. దానిలో 32 నుండి 40 వరకు ఎక్కుటకు కావలసినది 8 మాత్రమే. తక్కిన 139 ఎక్కడ? ఉష్ణమాపకములో లేదు; అది ఇంచుమించు అంతసేపును కదలక నిలిచియే యున్నది. ఆ వేడిమియంతయు మంచును నీరుగా మార్చుటలో దాగినది. బ్లాక్ దానికి దాగియున్న వేడిమి అని అర్థమిచ్చు పేరు పెట్టెను; మనవారు గుప్తోష్ణమనిరి. వేడినీటిలో మంచుముక్కను వేసి మరియొక దారిని చూచినపుడు 143 వచ్చినది. నేటి సున్నిత సాధనములు తేల్చిన విలువ సుమారు 144. రెండు బుడ్లు, ఒక గడియారము! ఈ పరీక్షను తలచుకొన్నపుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండును. సాధనము పేదదైనను ప్రశ్న సరియైనది కావుటచే జవాబు చెడలేదు.

బ్లాక్ ఈ సంగతులను 1761 ప్రాంతములనుండి విద్యార్థులకు బోధించుచువచ్చెనే గాని పుస్తకముగా ప్రకటింపలేదు. ఆయన 1799లో మరణించిన పిమ్మట, 1803లో శిష్యమిత్రుడు రాబిసన్ ఆ పాఠములను అచ్చు వేయించెను. ఈలోగా స్వీడనులో విల్కె అనునాతడు స్వతంత్రముగా మంచు గుప్తోష్ణమును 1772లో ప్రకటించెను. అదే విశ్వవిద్యాలయమున పరికరములు బాగుచేయుచుండిన జేమ్సు వాటు, ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల నీటిని మరగించుట చూచి విస్తుపోయి బ్లాక్ వద్దకు వచ్చెను. ఆవిరిలోను వేడిమి దాగియున్నదని అట్లు తెలిసినది. ఆవిరియంత్రపు కథ మరియొక ఉపన్యాసమునకు తగినది గనుక ఇచట విడుతును.

మంచును కరగించుటకు ఇంత వేడిమి నిశ్చయముగా కావలెనని తెలిసిన తరువాత మంచే కొలపాత్ర కావచ్చును గదా! కరగిన నీటిని తూచినచో వేడిమిని తూచినట్లే. ఈ ఊహను సాధనముగా మార్చినవారు పారిసు నగరమున రసాయనవేత్త లవాసియే, గణితవేత్త లాప్లాసు. 1782-83 శీతకాలమున వారు పనిచేసి 1783 జూన్ 18న తమ వ్యాసమును అకాడమీలో చదివిరి. వారి పాత్ర ఒకదానిలో నొకటి అమరిన మూడు గదులు గలది. నడుమనున్న బుట్టలో పరీక్షింపవలసిన వస్తువు. దానిచుట్టు ఉన్న గదిలో చితుకగొట్టిన మంచు. ఆ వెలుపలి గదిలోను మంచే. వెలుపలి మంచు కాపలావానివంటిది. గదిలోని గాలి వేడిమినంతయు అదియే తాకుకొని లోనికి రానీయదు. లోపలి మంచు కరగినదనిన అది నడిమి వస్తువు వలననే. ఆ నీరు అడుగు గొట్టమునుండి కారును; దానిని త్రాసులో వేయుదురు.

ఆ బుట్టలో వారు వేడి ఇనుమును పెట్టిరి, బొగ్గును మండించిరి, చివరకు బ్రతికియున్న గినీపందిని కూర్చుండబెట్టిరి. ఆ ప్రాణి పది గంటలలో సుమారు 13 ఔన్సుల మంచును కరగించెను. అది ఊపిరితో విడుచు బొగ్గుపులుసు గాలిని వేరుగా కొలిచి, అంత గాలి పుట్టునట్లు బొగ్గును కాల్చినచో ఎంత మంచు కరగునో లెక్కించిరి. పదిన్నర ఔన్సులకు కొంచెము తక్కువగా వచ్చినది. రెండంకెలును ఒకటి కావు; కాని ఊపిరి తీయుట ఒక విధమైన మెల్లని మంట అని చెప్పుటకు చాలునంత దగ్గరగా నున్నవి. జఠరాగ్ని అను మాటను మనము తరతరములుగా వినియున్నాము. అగ్నిని త్రాసులో వేసి చూచుట మాత్రము అదియే మొదలు.

ఆ సాధనములో లోపము లేకపోలేదు. మంచుముక్కల సందులలో కొంత నీరు చిక్కి క్రిందికి దిగదు. పైగా గదిలోని గాలి గడ్డకట్టు స్థాయికంటె కొంచెమే పైగా నుండవలెను. వేసవిలో పరీక్షయే సాగదు. ఒక పౌను మంచును కరగించుటకు 75 సెంటిగ్రేడు డిగ్రీల వేడిగల పౌను నీరు చాలునని వారు తేల్చిరి. సరియైన లెక్క ఇంచుమించు 80. లవాసియే 1789లో ఈ సాధనమునకు కెలోరిమీటరు అని పేరు పెట్టి, ఒక సగము లాటిను, ఒక సగము గ్రీకు చేర్చినందుకు నిందార్హుడనని తానే ఒప్పుకొనెను. అయిదేండ్లకు, 1794 మే 8న, విప్లవప్రభుత్వము ఆయన తల తీయించెను.

ఈ వ్యాసములో నన్ను మిక్కిలి ఆకర్షించునది మరియొకటి కలదు. వేడిమి యనగా నేమి అను విషయమున అప్పుడు రెండు పక్షములుండెను. త్రాసునకు చిక్కని ఒక సూక్ష్మద్రవము వస్తువులలో వ్యాపించియుండునని ఒక పక్షము. వస్తువులోని అణువుల కదలికయే వేడిమి అని రెండవ పక్షము. లవాసియే, లాప్లాసులు ఈ రెంటిని వివరించి, ఏది నిజమైనను తమ కొలతలకు భంగము లేదని చెప్పి ముందుకు సాగిరి. వారి తరువాత ద్రవపక్షమే బలపడి, లవాసియే గ్రంథమున వేడిమి ఒక మూలపదార్థముగా పట్టికకెక్కెను. కాని మంచు కెలోరిమీటరు ఏ పక్షమునకును ఊడిగము చేయలేదు. అందుచేతనే ఆ ద్రవము మాయమైన తరువాతను అది నిలిచియున్నది.

ద్రవపక్షమును మొదట గట్టిగా కుదిపినవాడు రంఫర్డు ప్రభువు. అమెరికాలో పుట్టి, మ్యూనిచ్ నగరమున ఆయుధశాలను పర్యవేక్షించుచు, ఫిరంగులకు రంధ్రము తొలుచునపుడు లోహము విపరీతముగా వేడెక్కుట ఆయన చూచెను. మొద్దుబారిన బరమాను పెట్టి, ఫిరంగిలోహపు దిమ్మ చుట్టు నీటిపెట్టె బిగించి, గుఱ్ఱములచే త్రిప్పించెను. 60 డిగ్రీల వద్దనున్న నీరు రెండున్నర గంటలకు నిప్పు లేకయే మరగెను! ప్రక్కన నిలిచినవారి ఆశ్చర్యమును, తన పసిపిల్లవానివంటి సంతోషమును ఆయన దాచుకొనక వ్రాసెను. 1798లో రాయల్ సొసైటీలో చదివిన ఆ వ్యాసపు సారమిది: గుఱ్ఱములు త్రిప్పినంతకాలము వేడిమి పుట్టుచునేయుండును, ఎంత పిండినను తరుగనిది పదార్థము కాజాలదు. విచిత్రమేమన, వేడిమిని పదార్థమన్న లవాసియే భార్యను, ఆమె విధవయైన పిదప, పరిణయమాడినది ఈ రంఫర్డే. ఆ దాంపత్యము చిరకాలము నిలువలేదు.

అయినను రంఫర్డు పరీక్ష ఒప్పించినవారు కొలదిమంది. గుఱ్ఱము చేసిన పని ఎంత, పుట్టిన వేడిమి ఎంత అను రెండంకెలను ఎదురెదురుగా పెట్టనిదే వాదము తెగదు. జర్మనీలో మేయరు అను వైద్యుడు 1842లో ఆ సంబంధమును ఊహించి లెక్కగట్టెను. దానిని కొలిచి చూపిన కీర్తి జేమ్సు జూల్‌ది.

జూల్ 1818లో మాంచెస్టరు ప్రక్కనున్న సాల్‌ఫర్డులో సారాయి కాచు ధనికుల ఇంట పుట్టెను. విశ్వవిద్యాలయములో ఆచార్యపదవి ఏదియు ఆయనకు లేదు. ఆయన పరికరమును మీరు మనసులో చిత్రించుకొనవచ్చును. నీటితో నిండిన రాగిపాత్ర. లోపల ఇత్తడి రెక్కల చక్రము. చక్రపు ఇరుసునకు చుట్టిన త్రాళ్లు. త్రాళ్ల చివర ఇరుప్రక్కల 29 పౌనుల సీసపు గుండ్లు. గుండ్లు దిగుచుండగా చక్రము తిరిగి నీటిని చిలుకును. మన ఇండ్లలో కవ్వముతో చల్ల చిలుకుటవంటిదే. కాని ఇచట వెన్నకు బదులు వేడిమి తేలవలెను. గుండ్లు అయిదు అడుగులకు పైగా దిగును; మరల పైకెత్తుదురు; ఇట్లు ఇరువదిమార్లు. ఇంత శ్రమకును నీరు ఎక్కిన వేడి అర డిగ్రీకి కొంచెము పైమాట.

ఆ అర డిగ్రీపైననే సర్వమును ఆధారపడియున్నది. అందులో నూరవవంతు పొరపాటు పడినను అంకె చెదరును. కావున మాంచెస్టరు పరికరకర్త డాన్సరుచే చేయించిన మాపకముతో జూల్ డిగ్రీలో రెండువందలవ వంతు వరకు చదువ నేర్చెను. పని నేలమాళిగలో చేసెను. అచట వేడి త్వరగా మారదు. తన శరీరపు వేడి పాత్రకు సోకకుండ నడుమ పెద్ద కొయ్యతెర నిలిపెను. చిలికిన ప్రతి పరీక్షకును జతగా చిలుకక ఊరక ఉంచిన పరీక్ష నొకటి చేసి, గది గాలి వలన కలిగిన మార్పును తీసివేసెను. గుండ్లు నేలను తాకునపుడు వాని వేగములో మిగిలిన శక్తిని తగ్గించెను. ఇనుపబిళ్లలను రాపిడిచేసిన మరియొక పరీక్షలో, ఆ రాపిడి మోతగా పోయిన శక్తిని సైతము విడువక, సెల్లో వాద్యపు తీగ మోతతో పోల్చి అంచనా వేసెను. పైసా పోయినను వెదకు కరణము లెక్క ఇట్లే యుండును.

1847లో ఆక్సుఫర్డు సభలో ఆయన ఈ సంగతి చెప్పబోగా, క్లుప్తముగా ముగింపుమని అధ్యక్షుడు కోరెనట. డిగ్రీలో నూరవవంతులు తప్ప ఈతనికి వేరు సాక్ష్యము లేదని పెదవి విరిచినవారుండిరి. శ్రోతలలో నుండిన యువకుడు విలియం థామ్సను మాత్రము ఆ మాటను మరువలేకపోయెను. అప్పటికి ఆయన ఒప్పుకొనలేదు. ఒప్పుకొనుటకు నాలుగేండ్లు పట్టినది. ఆ వేసవిలోనే జూల్ వివాహము చేసికొని భార్యతో ఆల్ప్సు కొండలకు పోయి, జలపాతము పైన క్రింద నీటి వేడిలో భేదమును చూడ యత్నించెనని థామ్సను చెప్పుచుండెడివాడు. 160 అడుగుల నయాగరా నీరు దూకినందువలన డిగ్రీలో అయిదవవంతు వేడెక్కవలెనని జూల్ అంతకు ముందే లెక్కించియుండెను.

1850లో ఆయన ప్రకటించిన అంకె 772. పౌను నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు, పౌను బరువు 772 అడుగులు దిగినంత పని కావలెనని దీని అర్థము. రాపిడి యనగా పని వేడిమిగా మారుటయే అను మూడవ నిర్ణయమును కూడ ఆ వ్యాసమున ఆయన చేర్చెను. సంఘమువారు దానిని తీసివేయించిరి. అంకె చాలును, అర్థము వద్దని వారి ఉద్దేశము కాబోలు! రంఫర్డు గుఱ్ఱపు పరీక్షను తిరిగి లెక్కించి, దానినుండి 1034 వచ్చునని జూల్ అదే వ్యాసమున చూపెను. నేటి విలువ ఇంచుమించు 778. 1879లో అమెరికాలో రోలండు మరల కొలిచినపుడు, పాదరసపు మాపకమునకు వాయుమాపకమునకు గల స్వల్పభేదమును, నీటి విశిష్టోష్ణమే వేడినిబట్టి మారుటయు తెలిసివచ్చెను. సేల్ అను ఊరిలోని జూల్ సమాధిరాతిపై ఆయన 1878లో తేల్చిన 772.55 అను అంకె చెక్కబడియున్నది. 1948లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ వేడిమికిని జూల్ పేరిటి కొలతనే నియమించెను.

ఇట్లు వేడిమి పద్దు స్థిరపడిన తరువాత, పద్దు సరిపడని చోట్లనే క్రొత్త సంగతులు దొరకసాగెను. 1870లో బున్సెన్ మంచు కెలోరిమీటరును సంస్కరించెను. మంచు నీరైనపుడు పరిమాణము తగ్గును గదా. ఆ తగ్గుదలను పాదరసపు తీగ కదలికచే చూచినచో, నీటిని తూచు బాధ లేదు, చిక్కుకొను నీటి బెడద లేదు. 1903లో పియరు క్యూరీ, లాబోర్డు అనువారు రేడియమును పరీక్షించుటలో ఈ సాధనము కూడ వాడబడెను. గ్రాము రేడియము గంటకు సుమారు 100 కెలోరీలు విడుచుచున్నదని తేలినది. గ్రాము మంచును కరగించుటకు 80 చాలును. అనగా ఆ లోహము గంటగంటకు తన బరువుకంటె ఎక్కువ మంచును కరగించుచు, తాను తరిగినట్లు కనబడక కూర్చున్నది! బ్లాక్ గాజుబుడ్డిలోని ప్రశ్నయే పరమాణు గర్భములోని శక్తికి కొలత అయినది.

చివరి సంగతి 1927లో కేంబ్రిడ్జిలో జరిగినది. రేడియం-ఇ అను పదార్థమునుండి వెడలు ఎలక్ట్రానులు ఒకే శక్తితో రాక, కొన్ని మందముగా, కొన్ని వడిగా వచ్చుచుండెను. ఎలక్ట్రాను వోల్టు అను సూక్ష్మమైన కొలతలో చెప్పినచో, అన్నింటికంటె వడిగలదాని శక్తి సుమారు 10,50,000. అన్నియు మొదట సమానశక్తితోనే పుట్టి, దారిలో కొంత పోగొట్టుకొనుచున్నవని కొందరనిరి. ఎల్లిస్, ఊస్టరు అనువారు దీనికి పాత ఉపాయమునే పన్నిరి. పదార్థమును మందపు గోడల చిన్న కెలోరిమీటరులో బంధించినచో, ఎలక్ట్రాను దారిలో పోగొట్టుకొన్నదంతయు ఆ గోడలలోనే వేడిమియై నిలువవలెను. అపుడు సగటు 10,50,000 రావలెను. వచ్చినది సుమారు 3,50,000. మూడింట రెండు పాళ్లు గోడలలో లేవు. 1930లో మైట్‌నరు, ఓర్త్‌మను మరల కొలిచి దీనిని స్థిరపరచిరి.

పద్దే తప్పేమో, శక్తి నిలుచునను నియమమే అచట చెల్లదేమో అని బోర్‌వంటి మహనీయుడు సందేహించెను. 1930 డిసెంబరు 4న పౌలీ ట్యూబింగెనులోని మిత్రులకు ఒక లేఖ వ్రాసి, గోడలను దాటిపోవుచు దేనికిని చిక్కని కణ మొకటి మిగిలిన శక్తిని పట్టుకొని పోవుచుండవచ్చునని సూచించెను. తరువాత ఫెర్మి దానిని న్యూట్రినో అను పేరున శాస్త్రములో ప్రవేశపెట్టెను. 1956లో అమెరికాలోని సవానా నది పరమాణు రియాక్టరు వద్ద రెయిన్సు, కోవన్ అనువారు ఆ జాతి కణము తగిలిన జాడను పట్టుకొనిరి.